జోకులో చచ్చిపోయిన మనిషి

సాడిల్ కొండ, ఐడహో
జూన్

కోరిన్,

పార్సిల్ అందింది. కంచర గాడిదల మీద సామాను మోసుకొచ్చే ఎర్ల్ నిన్న పైకి వచ్చాడు. కాఫీ పొడి అద్భుతం. మిరప సాస్ సీసా మాత్రం దారిలో పగిలి నా ఉన్ని మేజోళ్ళన్నిటికీ పట్టింది. ఇప్పుడు కాళ్ళు మండకుండా నడవలేకపోతున్నాను. మీ లూసియానా వాళ్ళ ప్రేమ ఇలాగే ఉంటుంది కాబోలు.

ఇక్కడ నా ఉద్యోగం చూస్తూ కూర్చోవడం. కొండ కొమ్మున చుట్టూ గాజు కిటికీలున్న గది. అడవిలో ఎక్కడైనా పొగ లేస్తే రేడియోలో కిందికి చెప్పాలి. ఫోను పనిచేయదు. అందుకే ఈ ఉద్యోగంలో చేరాను. నన్ను ఎవరూ హంతకురాలని పిలవని చోటు ఈ దేశంలో ఇదొక్కటే దొరికింది.

గిల్ స్ట్రౌడ్ నిన్ను తన పాడ్‌కాస్టు ‘పగ్గాల్లేవ్’కి పిలిచాడని రాశావు. వెళ్ళమంటావా అని అడిగావు. నన్ను అడగడానికి నీకు చాలా ధైర్యం కావాలే.

నీకు తెలిసిందే అయినా ఒకసారి రాస్తాను. రాస్తే నా మంట కాస్త చల్లబడుతుంది. నా మొగుడు లీఫ్ పోయినేడాది మార్చి నెలలో చెరువు మీద మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టడానికి వెళ్ళాడు. మంచు విరిగింది. నేను ఇంట్లో సూపులోకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. అంతే జరిగింది. ఆ వేసవిలోనే గిల్ తన పాడ్‌కాస్టులో కాళ్ళు చాపుకుని కూర్చుని, దొరక్కుండా హత్య చెయ్యడం ఎలా అని వాగుతూ వాగుతూ, “మన మార్లిస్‌ని చూడండ్రా. దాని దగ్గర జోకుల సరుకు అయిపోయింది. మొగుణ్ణి చెరువులోకి తోస్తే గంట షోకి సరిపడా ఏడుపు దొరుకుతుంది కదా” అన్నాడు. నవ్వారు. మర్నాటికి వాడి శ్రోతలు మా చెరువు పటం గీసి, నేను ఎక్కడ నిలబడి తోశానో గుర్తు పెట్టారు. మా ఇంటి గోడ మీద ‘హంతకురాలు’ అని రాశారు. కామెడీ క్లబ్బులు నన్ను పిలవడం మానేశాయి. చివరికి లీఫ్ వాళ్ళమ్మ సోల్విగ్ తలుపు సగమే తీసి, “నువ్వు ఆ రోజు నిజంగా ఇంట్లోనే ఉన్నావా?” అని అడిగింది. గిల్‌కి ఫోన్ చేస్తే, “జోకు కదే” అన్నాడు.

అందుకని వెళ్ళు. నా కోసం వెళ్ళు.

ఒక విషయం నీకెప్పుడూ చెప్పలేదు. కమెడియన్‌గా గిల్ పేరంతా దేని మీద నిలబడింది? వాళ్ళ నాన్న ఓర్విల్ మీద. బెల్టుతో కొట్టే నాన్న, నేలమాళిగలో పెట్టి తాళం వేసే నాన్న, తాగి తాగి చచ్చిపోయిన నాన్న. అది విని జనం నవ్వుతూ ఏడుస్తారు. కోరిన్, ఆయన చావలేదు. వాడితో కలిసి ఊళ్ళు తిరిగే రోజుల్లో నెబ్రాస్కాలో వాళ్ళ ఊరి దగ్గర షో అయ్యాక వెనక గుమ్మం దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉండటం చూశాను. అదే ముక్కు, అదే గడ్డం. మర్యాదగా టోపీ తీసి, “అబ్బాయి బాగా చేశాడమ్మా” అని వెళ్ళిపోయాడు. కారులో గిల్‌ని నిలదీశాను. “మా నాన్న స్కూలు బస్సు నడిపాడు. ఎవర్నీ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. అది చెప్తే ఎవడు నవ్వుతాడు?” అన్నాడు.

ఆ పెద్దాయన్ని వెతుకు. వాడి మైకు ముందు నిలబెట్టు. వాడి నోరు మూతపడాలి.

మార్లిస్


ఆస్టిన్, టెక్సస్
జూన్ ఆఖరు

మార్లిస్ మహాతల్లికి,

ముందు మేజోళ్ళకి క్షమాపణ. వెళ్ళాను. చెప్తాను విను.

గిల్ ఇల్లు పెద్దది, సోఫాలు ఇంకా పెద్దవి, గోడ మీద ఒక దున్నపోతు తల. పక్కన ఎప్పటిలాగే మానీ. మానీ పని గిల్ ఏమన్నా నవ్వడం. నాకు మూడో సోఫా ఇచ్చారు. ఆక్టోపస్‌లు ఆకాశం నుంచి ఊడిపడ్డాయని గిల్ చాలాసేపు వాదించాడు. తరవాత మానీ, “విమానం కూలి ముగ్గురం మంచు కొండ మీద ఇరుక్కుపోయాం. ముందు ఎవర్ని తినాలి?” అన్నాడు.

“కోరిన్‌ని” అన్నాడు గిల్. “లూసియానా పిల్ల. మసాలా ముందే పట్టి ఉంటుంది.”

“నిన్ను మాత్రం తినలేం గిల్” అన్నాను. “ఇన్నేళ్ళుగా నీ పొగడ్తల్లో నువ్వే ఊరావు. ఉప్పెక్కువ.”

మానీ సోఫా మీంచి కింద పడ్డాడు. గిల్ కూడా నవ్వాడు. నీకు నచ్చదు కానీ చెప్తున్నాను, వాడు ఎదుటివాళ్ళ జోకుకి మనస్ఫూర్తిగా నవ్వుతాడు. ఆ నవ్వు కోసం మనమంతా ఒకప్పుడు ఎంత గింజుకున్నామో గుర్తుందా?

నేను మెత్తబడబోతున్నాను అనుకునే లోపు వాడే అన్నాడు. “మార్లిస్ అయితే ఇలా చర్చలు పెట్టదురా. సూటిగా మొగుణ్ణి తీసుకెళ్ళి చేపలకి పెట్టేస్తుంది. ఎలా ఉందే అది? ఏ చెరువు దగ్గరుంది?”

మానీ నవ్వాడు. నేను నవ్వలేదు. “కొండ మీదుంది. అక్కడ నీళ్ళు లేవు, నువ్వు హాయిగా వెళ్ళొచ్చు” అన్నాను.

నిజం చెప్పాలంటే, మొదట నీ ఉత్తరం చదివి వద్దనుకున్నాను. తండ్రీకొడుకుల మధ్య మనమెందుకు అని. ఆ మాట విన్నాక మనసు మారింది. వచ్చే వారం నెబ్రాస్కా వెళ్తున్నాను.

కోరిన్


సాడిల్ కొండ
జూలై

కోరిన్,

నీ ఉత్తరం పట్టుకుని గది చుట్టూ ఉన్న అరుగు మీద గంతులేశాను. కింద లోయలో ఎలుగుబంటి ఒకటి తలెత్తి చూసి, ఇది మనకెందుకులే అన్నట్టు వెళ్ళిపోయింది.

పెద్దాయనతో మెల్లగా మాట్లాడు. గిల్‌ని తిట్టకు. ఏ తండ్రీ కొడుకుని తిట్టనివ్వడు. నేనూ కమెడియన్‌నే అని చెప్పు, వాడి స్నేహితురాలినని చెప్పు. “మీరు కనిపిస్తే గిల్ ఎంత సంతోషిస్తాడో” అను. అబద్ధమే. వాడు ఆడిన అబద్ధాల పక్కన ఇది దోమంత.

రోజూ సాయంత్రం ఉరుములు. పిడుగు పడినప్పుడల్లా నేల మీద వేలు పెట్టి చూపించినట్టు ఒక చెట్టు మండుతుంది. దూరదర్శిని తిప్పి, దిక్కు చూసి, రేడియోలో చెప్తాను. వాళ్ళు వచ్చి ఆర్పుతారు. ఎంత చిన్న నిప్పో అంత తొందరగా ఆరుతుంది. గిల్ అన్న ఆ ఒక్క మాటని మొదటి రోజే ఎవరైనా ఆర్పి ఉంటే నేను ఇవాళ ఇంట్లో ఉండేదాన్ని. మానీ ఒక్కడు “ఒరేయ్, అది తప్పురా” అని ఉంటే చాలు.

వాడి మొహం ఎలా మారుతుందో రోజూ ఊహించుకుంటున్నాను. ముందు కళ్ళు, తరవాత నోరు. వాడికి మాట దొరకని ఆ క్షణం. నువ్వు అక్కడే కూర్చుని చూసి, ఏదీ వదలకుండా నాకు రాయాలి.

మార్లిస్


నెబ్రాస్కా, రోడ్డు పక్క హోటల్
జూలై

మార్లిస్,

ఆయన్ని కలిశాను.

ఊరు చిన్నది. మొక్కజొన్న చేలు ఇళ్ళ గోడల దాకా వచ్చేశాయి. ఓర్విల్ స్ట్రౌడ్ ఇల్లు ఎక్కడని కిరాణా కొట్లో అడిగితే, కొట్టావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, “ఆయన్ని మళ్ళీ ఏమనడానికి వచ్చావు?” అంది.

తలుపు తీసిన మనిషి పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. గిల్ స్నేహితురాలినని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. మార్లిస్, నువ్వు నేర్పిన అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు. క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు పెట్టాడు. చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి వంటకం పెట్టాడు. కొడుకు జోకులన్నీ ఆయనకి నోటికి వచ్చు. “ఆ బెల్టు జోకు ఉంది చూశావా, అక్కడ ఒక్క క్షణం ఆగి చెప్తాడు. ఆ ఆగడంలోనే ఉంది నవ్వంతా” అన్నాడు. తనని తిట్టిన తిట్టులో పనితనం మెచ్చుకుంటున్నాడు ఆ మనిషి.

“మీకు కోపం రాదా ఓర్విల్ గారూ?” అన్నాను.

“మొదట్లో చిన్న జోకేనమ్మా. మా నాన్న గట్టివాడు అన్నాడు, నవ్వారు. ఇంకొంచెం గట్టివాణ్ణి చేశాడు, ఇంకా నవ్వారు. నేలమాళిగ ఉన్న మాట నిజమే. సుడిగాలి సైరన్ మోగితే ఇద్దరం అందులో దాక్కునేవాళ్ళం. వాడు వణికిపోయేవాడు. నవ్వించడానికి నేనే నానా వేషాలూ వేసేవాణ్ణి.” కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. “చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ణి. ఎవరో ఆ జోకులు విన్నారు. ఇక వద్దులెండి ఓర్విల్ అన్నారు. నలభై ఏళ్ళు పిల్లల్ని బస్సులో తిప్పినవాణ్ణి, నన్ను చూస్తే తల్లులు పిల్లల చెయ్యి పట్టుకుంటున్నారు. అది కష్టంగా ఉంటుంది. అంతకన్నా కష్టం ఇంకోటి ఉంది. స్టేజి మీద నన్ను చంపేశాక వాడు నాకు ఫోన్ చెయ్యడం మానేశాడు.”

షోకి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. “నలుగురిలో వాడి పరువు తీసే పని నేను చెయ్యనమ్మా.”

ఇక ఆయన్ని వదిలేద్దాం మార్లిస్. నీకు జరిగిందే ఆయనకీ జరిగింది. మన పక్షం మనిషిని మనమే ఆయుధంగా వాడటం నాకు బాగోలేదు. గిల్‌ని కొట్టడానికి ఇంకో దారి చూద్దాం.

కోరిన్


సాడిల్ కొండ
ఆగస్టు

కోరిన్‌కి,

ఇంకో దారి చూద్దామా? చూస్తూ ఉండు. నీకు అక్కడ చూడటానికి బోలెడన్ని ఉన్నాయిగా.

ఎర్ల్‌కి ‘పగ్గాల్లేవ్’ అంటే ఇష్టమట. నా పేరు ఇక్కడ మా అమ్మ ఇంటిపేరుతో ఉంది కాబట్టి నేనెవరో అతనికి తెలియదు. గాడిదల మీంచి సామాను దింపుతూ, “కొత్తగా ఒకావిడ చేరిందండీ, ప్రతి వారం ఉంటోంది, కోరిన్ అని, పొట్ట చెక్కలవుతుంది” అన్నాడు. ప్రతి వారం! నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఆ ముక్క లేదు.

తరవాత, దారిలో వినడానికి ఫోనులో దాచుకున్నాడట, నువ్వు మొదటిసారి వెళ్ళిన భాగం వినిపించాడు. చేపల జోకు దగ్గర ముగ్గురు నవ్వారు కోరిన్. షోలకి ఊళ్ళు తిరుగుతూ పదేళ్ళు నీతో ఒకే గదిలో పడుకున్నాను. నీ నవ్వు నాకు తెలియదా? ముందు ముక్కులోంచి వస్తుంది, తరవాత గొంతులోంచి. నా మొగుణ్ణి చేపలు తినడం విని నువ్వు ముక్కుతోనూ గొంతుతోనూ నవ్వావు.

నువ్వు వదిలేద్దాం అన్నావు. నేను వదల్లేదు. ఓర్విల్ గారికి నేనే ఉత్తరం రాశాను. లీఫ్ గురించి, చెరువు గురించి, సోల్విగ్ తలుపు గురించి అంతా రాశాను. ఆగస్టు ఆఖర్లో ఆస్టిన్‌లో జనం ముందు షో ఉందని, అక్కడికి ఎలా వెళ్ళాలో కూడా రాశాను. వస్తాడో రాడో ఆయనిష్టం.

నువ్వు మాత్రం నీ సోఫాలో సుఖంగా కూర్చో.

మార్లిస్


ఆస్టిన్
సెప్టెంబరు మొదట్లో

మార్లిస్,

నవ్వాను. నోరు నా కంటే ముందు నవ్వేసింది. నీకు అబద్ధం రాశాను. ప్రతి వారం వెళ్ళిన సంగతి దాచాను. నలభై నాలుగేళ్ళకి మొదటిసారి నా పేరు చూసి జనం టిక్కెట్లు కొంటున్నారు. ఇది సాకు కాదు. నువ్వు ఎలాగూ తిడతావు, తెలిసి తిట్టు.

ఆయన వచ్చాడు.

థియేటర్ నిండిపోయింది. ఆ రోజు గిల్ ఎత్తుకున్న విషయం, చచ్చినవాళ్ళు మనతో మాట్లాడగలరా అని. మానీ వాళ్ళ అమ్మమ్మ ఆత్మ టీవీ రిమోట్ దాచేస్తుందని చెప్పాడు. నేను మా ఊరి శ్మశానాల గురించి ఏదో చెప్పాను. తరవాత జనాన్ని ప్రశ్నలు అడగమన్నారు. వెనక వరసలో ఒక పొడుగాటి మనిషి లేచాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో టోపీ. 

“నీ ప్రశ్న ఏంటి తాతా?” అన్నాడు గిల్. లైట్ల వెలుగులో వాడికి మొహం కనపడలేదు.

“ప్రశ్న కాదు బాబూ. చచ్చినవాళ్ళు మాట్లాడతారా అంటున్నారు కదా. మాట్లాడతారు. నా పేరు ఓర్విల్ స్ట్రౌడ్.”

థియేటర్ దద్దరిల్లింది. జనానికి ఆ పేరు తెలుసుగా! ఇది షోలో భాగమే అనుకున్నారు. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ముందు కళ్ళు. కాగితం మడత పడ్డట్టు ముడుచుకున్నాయి. తరవాత నోరు. తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నువ్వు కోరుకున్న క్షణం వచ్చింది మార్లిస్. కానీ ఎంతోసేపు నిలవలేదు.

“ఒరేయ్ మానీ!” అని అరిచాడు గిల్. “ఈ ముసలాణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావురా? అచ్చం మా బాబే! చప్పట్లు కొట్టండి, గొప్ప నటుడు!” ఓర్విల్ గారు కొడుకు వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. వాడు అంతటితో ఊరుకోలేదు. “ఏం బాబూ, బెల్టు తెచ్చావా?”

జనం ఈలలు వేశారు.   నా ముందు మైకు ఉంది. ‘ఆయన నటుడు కాదు, నేను ఆయన ఇంట్లో అన్నం తిన్నాను’ అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నేను అనలేదు.

ఆయనే అన్నారు. “తేలేదు బాబూ. నేను నటుణ్ణే. బెల్టు ఇస్తామని చెప్పి పిలిచారు, ఇంతవరకూ ఇవ్వలేదు. ప్యాంటు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.”

ఆ రోజు మొత్తంలో అంత పెద్ద నవ్వు ఎవరికీ రాలేదు. గిల్‌కి ఆ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది నాకు. ఆయన తల వంచి నమస్కారం పెట్టి, టోపీ పెట్టుకుని, వరసలోంచి అందర్నీ తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

మైకు తీసి సోఫా మీద పడేసి నేను కూడా వెళ్ళిపోయాను. బస్టాండులో దొరికారు. నా కారులో ఇంటి దాకా దింపాను. దారిలో ఒక్కటే మాట అన్నారు. “మైకు పట్టుకున్న చెయ్యి వణకడం చూశావా అమ్మా? పాపం, బాగా భయపడ్డాడు.”

ఇక ఆ సోఫాలో కూర్చోను.

కోరిన్


నెబ్రాస్కా, ఓర్విల్ గారి ఇల్లు
సెప్టెంబరు ఆఖరు

కోరిన్,

అడవుల్లో వానలు పడ్డాయి, నన్ను ముందే కిందికి పంపించేశారు. తిన్నగా ఇక్కడికి వచ్చాను. ఆయన కాళ్ళ మీద పడాలనుకున్నాను. పడనివ్వలేదు. “నీ ఉత్తరం చదివాను తల్లీ. చాలా బాధేసింది. కానీ నేను వచ్చింది అందుకు కాదు. ఎలాగైనా వాణ్ణి ఒకసారి దగ్గర్నుంచి చూడాలని వచ్చాను” అన్నారు.

నా పగ ఆయన మీద ఎక్కి ఊరేగిందనుకున్నాను. ఆయన లెక్కలో నా పగ లేనే లేదు.

నాలుగు రోజులుండి పోదామని వచ్చాను. వెళ్ళలేకపోతున్నాను. ఆ షో ముక్క దేశమంతా చూసిందట. ‘బెల్టు తాత’ అని పేరు పెట్టారు. గిల్ శ్రోతలు ఎవరో ఇల్లు కనిపెట్టారు. కార్లలో వస్తున్నారు, బెల్టులు పట్టుకుని ఫొటోలకి నిలబడమంటున్నారు. మొదటి రోజుల్లో ఆయన నవ్వుతూ నిలబడ్డారు. మొన్న ఒకడు తన బెల్టు ఊడదీసి ఆయన చేతికిచ్చి, తన స్నేహితుణ్ణి వంగోబెట్టి, “కొట్టు తాతా, గిల్‌ని కొట్టినట్టు కొట్టు” అన్నాడు. ఆయన బెల్టు కింద పెట్టి లోపలికి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నేను తోటకి నీళ్ళు పెట్టే గొట్టం తీసుకుని వాళ్ళందర్నీ తడిపాను. ఒకడు నన్ను గుర్తుపట్టాడు. “ఒరేయ్, ఇది చెరువు హంతకురాలు కదరా!” అన్నాడు. వాడి మొహం మీద ఇంకాస్త గట్టిగా పట్టాను.

నా కోపం చల్లారిందని అనుకోకు. ఇదివరకు అది నా ఒక్కదానిదే. ఇప్పుడు రెండు కోపాలు మోస్తున్నాను.

మార్లిస్


లాఫయెట్, లూసియానా
అక్టోబరు

మార్లిస్,

మా అక్క ఇంట్లో ఉన్నాను. జరిగింది నువ్వు వినే లోపు నేను చెప్పాలి.

మొన్నటి ‘పగ్గాల్లేవ్’ విన్నాను. దెయ్యం పట్టినవాళ్ళ గురించి మొదలుపెట్టారు. మానీ ఏదో చెప్తుంటే గిల్ మధ్యలో ఆపాడు.

“మా నాన్న చావలేదురా” అన్నాడు.

మానీ నవ్వాడు.

“నిజంరా. థియేటర్‌కి వచ్చింది ఆయనే. నన్ను ఎప్పుడూ కొట్టలేదు. అంతా నేనే అల్లాను.”

“అమ్మో, ఇది ఎక్కడికో తీసుకెళ్తోందిరా బాబూ! ఇంకా, ఇంకా!” అని మానీ సోఫాని గుద్దాడు.

“మార్లిస్ కూడా ఎవర్నీ చంపలేదు. వాళ్ళాయన మంచు విరిగి పోయాడు. ఆ మాట అన్నది నేను. నవ్వొస్తుందని అన్నాను.”

మానీకి ఊపిరాడలేదు. “నువ్వు ఏడుస్తున్నావురా! నిజంగా కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడండీ, ఇది కదా నటనంటే!”

గిల్ “నోర్మూసుకోరా” అని అరిచాడు. అది ఇంకా పెద్ద జోకైంది. కింద శ్రోతలు రాసినవి చదివాను. గిల్ ఇంత గొప్పగా ఎప్పుడూ చెయ్యలేదని ఒకడు. మార్లిస్ అమాయకురాలని గిల్ అన్నాడంటే అది కచ్చితంగా చంపిందనే అర్థమని ఇంకొకడు. వాడు నిజం చెప్తే వినే చెవి ఒక్కటి కూడా మిగల్లేదు. అలా తయారుచేసుకున్నాడు.

నిన్న నాకు ఫోన్ చేశాడు. మత్తులో లేడు. “నాన్న దగ్గరికి వెళ్తున్నా కోరిన్. కారులో ఉన్నాను” అన్నాడు. నువ్వు అక్కడ ఉన్నావని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. బహుశా నీకు ఒక బాకీ ఉన్నాననిపించింది.

ఈ ఉత్తరం వాడి కంటే వెనకే చేరుతుందేమో. ఏం జరిగిందో రాయి.

కోరిన్


నెబ్రాస్కా
అక్టోబరు

కోరిన్,

వాడే ముందు వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం. ఓర్విల్ గారు వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. నేను మాంసం, బంగాళాదుంపలు వడ్డిస్తున్నాను. కారు ఆగిన చప్పుడైతే, మళ్ళీ ఎవరో బెల్టుగాళ్ళనుకుని వెళ్ళి తలుపు తీశాను. గిల్ నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా నలిగింది. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“మార్లిస్? నువ్విక్కడేం చేస్తున్నావు?”

“వంట.”

“నాన్న ఉన్నాడా?”

“ఎవరి నాన్న?”

“మార్లిస్...”

“మీ నాన్న తాగి చచ్చిపోయాడుగా. దేశమంతా విన్నాం. ఇక్కడ ఒక నటుడు ఉంటాడు. ఆయన భోంచేస్తున్నాడు.”

ఈ మాట ఎన్ని నెలలుగా నా నోట్లో ఊరిందో తెలియదు, సరిగ్గా ఇలాగే వచ్చింది. వాడి మొహంలో అది దిగబడటం చూశాను. ద్వారబంధం మీద చెయ్యి ఆనించాడు.

“షోలో చెప్పాను మార్లిస్. అంతా చెప్పాను. నీ గురించి కూడా. ఎవడూ నమ్మలేదు.”

“నేనూ చెప్పాను గిల్. నన్నూ ఎవడూ నమ్మలేదు.”

“మీ అత్తగారికి ఫోన్ చేశాను.”

అది నేను అనుకోలేదు. “ఏమంది?”

“‘ఇది కూడా రికార్డు చేస్తున్నావా?’ అంది. పెట్టేసింది.” కిందికి చూశాడు. “నన్ను తిట్టు. కొట్టు. ఆయన్ని ఒక్కసారి చూడనీ.”

“ఆయనకి నువ్వు ఎవరో తెలియదు” అని తలుపు మూసి గడియ పెట్టాను.

ఎలా ఉందని అడుగుతావు. చాలా బాగుంది కోరిన్. నీకు అబద్ధం రాయను. వేడి వేడి కూడు తిన్నంత బాగుంది. కానీ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. కొడుకుని చూడటం కోసం అంత దూరం బస్సులో వెళ్ళిన మనిషి లోపల ఉన్నాడు. ఆయన కొడుకుని నేను గుమ్మంలోంచి తరిమేశాను.

ఆయన బంగాళాదుంప కోసుకుంటున్నారు. తలెత్తలేదు.

“గిల్ కదూ?”

“విన్నారా?”

“ఇల్లెంత ఉందని? అన్నీ వినిపిస్తాయి.”

“క్షమించండి. వెళ్ళి పిలుచుకొస్తాను.” నిజంగానే తిరిగాను కోరిన్. గడియ మీద చెయ్యి కూడా వేశాను.

“కూర్చో” అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అన్నేళ్ళు బస్సు నిండా పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టిన గొంతు. కూర్చున్నాను.

బయట వాడు తలుపు కొట్టాడు. “నాన్నా!” అన్నాడు. మళ్ళీ కొట్టాడు.

ఓర్విల్ గారు ఉప్పు ఇటివ్వమని సైగ చేశారు. ఇచ్చాను. 

“అక్కడ, అంతమందిలో, వాడికి ఒక దారి వదిలాను” అన్నారు. “నటుడని వాడంటే కాదనలేదు. ‘కాదు, ఈయన మా నాన్న’ అంటాడేమో అని చూశాను. ఎంతసేపు చూశానో కోరిన్ చెప్పే ఉంటుంది. వాడు బెల్టు అడిగాడు.” ముక్క నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలారు. “ఇరవై ఏళ్ళు చచ్చి పడున్నానమ్మా. వాడు ఒక్క పూట గుమ్మం బయట ఉండలేడా?”

ఇద్దరం తిన్నాం. వాడు పిలుస్తూనే ఉన్నాడు, కాసేపటికి మానేసి మెట్ల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి వీపు కనిపించింది. చేతిలో ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను. వాణ్ణి చూసి జాలిపడ్డానని అనుకోకు. నా పగ ఆ గడియ పెట్టినప్పుడే అయిపోయింది, ఇంకేం మిగల్లేదు. ఈయనది ఇప్పుడే మొదలైంది. ఇంత మెత్తటి మనిషి లోపల అది అన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో!

చీకటి పడకముందే వాడు లేచి వెళ్ళిపోయాడు. కారు చప్పుడు వినబడకుండా పోయేదాకా ఆయన పళ్ళేలు కడుగుతూనే ఉన్నారు. కడిగినవే మళ్ళీ కడిగారు.

“మళ్ళీ వస్తాడంటావా?” అన్నారు.

“వస్తాడు.”

“రానీ. అప్పుడు కూడా తియ్యను.” చేతులు తుడుచుకున్నారు. “ఆ తరవాత సంగతి తరవాత.”

నేను ఈ చలికాలం ఇక్కడే ఉంటాను. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, తియ్యకుండా ఉండటానికైనా, తియ్యాల్సిన రోజు తియ్యడానికైనా. నువ్వు కూడా రా. కొత్త సరుకు రాద్దాం. స్టేజి మీదకి మళ్ళీ వెళ్తాను, లీఫ్ గురించి నేనే చెప్తాను.

నీ నవ్వు మాత్రం నేనింకా మర్చిపోలేదు. వచ్చాక దాని సంగతి చూస్తాను.

మార్లిస్